ఆ ఉత్తరం ఎందుకు చేరలేదు: రోమియో జూలియట్‌లో విధి, మనుషుల నిర్ణయాలు

సభకు నమస్కారం.

రోమియో, జూలియట్ ఎందుకు చనిపోయారని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటుంది. వాళ్ళ రాత బాగోలేదు, ఫ్రయర్ లారెన్స్ అనే సన్యాసి రోమియోకు పంపిన ఉత్తరం వేళకు అంది ఉంటే ఇద్దరూ బతికేవాళ్ళు అని. ఈ జవాబును ఊరికే కొట్టిపారేయలేం. దానికి నాటకంలోనే ఆధారం ఉంది. తెర తీయగానే వచ్చే 14 పాదాల నాందిలో, వీళ్ళు గ్రహాలు ఎదురుతిరిగిన ప్రేమికులని, ఆ ప్రేమ మీద చావు ముద్ర ముందే పడిందని షేక్‌స్పియర్ చెప్పించాడు. అది విన్నాక ప్రేక్షకుడు మిగతా నాటకమంతా ఆ ముద్రను వెతుక్కుంటూ చూస్తాడు.

కానీ అదే నాందిలో ఇంకో సంగతి కూడా ఉంది. రెండు కుటుంబాల పాత పగ, పిల్లలు చస్తే తప్ప చల్లారని తల్లిదండ్రుల కోపం. నక్షత్రాల మాట ఒక్క పాదంలో అయిపోతుంది. పగ మాట అంతకు ముందూ ఉంది, తర్వాతా ఉంది. పైగా ఈ నాంది 1597, 1599 ముద్రణల్లో ఉంది గానీ, షేక్‌స్పియర్ నాటకాలన్నీ కలిపి 1623లో వేసిన పెద్ద సంపుటంలో లేదు. ఆ సంపుటం తెరిచిన పాఠకుడికి మొదట కనిపించేది వీధిలో ఇద్దరు నౌకర్లు కయ్యానికి కాలు దువ్వడం. గ్రహాల ఊసే లేకుండా కథ అక్కడ నడవడం మొదలుపెట్టేస్తుంది.

ఈ నాటకంలో దైవం చేసిన పని చాలా కొంచెం. ఆ కొంచెమే ప్రాణాలు తీసేదిగా మారింది ఎందుకంటే, అప్పటికే మనుషులు ప్రతి విషయాన్నీ దాచి పెట్టి, ప్రతి పనికీ గడువు కుదించి, చిన్న పొరపాటుకు కూడా చోటు లేకుండా చేసుకున్నారు. అలా చేసినవాళ్ళలో పిల్లల కంటే పెద్దవాళ్ళ వాటా ఎక్కువ. నేనివాళ చెప్పదలచుకున్నది ఇదే.

మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి దైవం గొప్పదా, పురుషకారం (మనిషి ప్రయత్నం) గొప్పదా అని అడుగుతాడు. భీష్ముడు చెప్పే సమాధానంలో దైవం విత్తనం, పురుషకారం పొలం. పొలం లేని విత్తనం మొలవదు. నాటకం జరిగే వెరోనా నగరంలో ఆ పొలాన్ని ఎవరెవరు దున్నారో రోజు రోజుకూ చూద్దాం.

చూడటానికి ఒక పద్ధతి పెట్టుకుందాం. ప్రతి మలుపు దగ్గరా ఆగి నాలుగు ప్రశ్నలు వేయాలి. ఈ పని ఎవరు చేశారు? ఆ క్షణాన వాళ్ళకు ఏం తెలుసు? ఇంకో దారి వాళ్ళ కళ్ళెదుట ఉందా, లేక మనకు ఇప్పుడు తోస్తోందా? ఆలోచించడానికి ఎంత సేపు తీసుకున్నారు? మూడో ప్రశ్న దగ్గరే విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. మొత్తం కథ తెలిసిన మనం, సగమే తెలిసిన పాత్రను తప్పు పడతాం. నాటకంలో ఆ దారి ఎవరో ఒకరి నోట వచ్చి ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి.

కథ ఆదివారం ఉదయం మొదలవుతుంది. గురువారం రాత్రి దాటి శుక్రవారం తెల్లవారేసరికి అయిపోతుంది. జూలై నడిమి రోజులు. ఈ సంగతి జూలియట్ దాది మాటల్లోంచి తెలుస్తుంది. జూలియట్‌కు జూలై 31 రాత్రితో 14 ఏళ్ళు నిండుతాయని, దానికింకా రెండు వారాల పైచిలుకు ఉందని ఆమె అంటుంది. అంటే మనం మాట్లాడుకుంటున్నది 13 ఏళ్ళ పిల్ల గురించి. దీన్ని చివరిదాకా మరిచిపోకూడదు.

ఆదివారం గురించి త్వరగా చెప్పేస్తాను. జూలియట్ తండ్రి కాప్యులెట్ తన ఇంటి విందుకు పిలవాల్సినవాళ్ళ జాబితా నౌకరు చేతికిస్తాడు. ఆ నౌకరుకు చదువు రాదు. దారిలో కనిపించిన యువకుణ్ణి చదివి పెట్టమంటాడు. ఆ యువకుడు రోమియో. ఇది అచ్చంగా యాదృచ్ఛికం, దైవం ఖాతాలోనే రాయాలి. అయితే దీనివల్ల రోమియోకు దొరికింది ఒక సమాచారం మాత్రమే, తను అప్పటిదాకా ఎవరి కోసం కుమిలిపోతున్నాడో ఆ రోజలిన్ కూడా విందుకు వస్తోందని. వెళ్దామన్నది అతని బంధువు బెన్వోలియో. వెళ్ళింది రోమియో. గుమ్మం దాకా వచ్చాక ఏదో కీడు నక్షత్రాల్లో వేలాడుతోందని, అకాల మరణం ఈ రాత్రితో మొదలవుతుందేమోనని అతనికి అనిపిస్తుంది కూడా. అనిపించినా లోపలికి నడిచాడు. కీడు శంకించడం ఒకటి, కాళ్ళు కదపడం ఒకటి.

ఆ ఉదయమే పారిస్ అనే ప్రభువు పిల్లనడిగితే కాప్యులెట్ ఎలా మాట్లాడాడో చూడండి. ఇంకా రెండు వేసవులు పోనీ అన్నాడు. ముందు ఆమె మనసు గెలుచుకో, ఆమె ఒప్పుకోలులో నా ఇష్టం ఒక భాగమే అన్నాడు. చాలా మంచి తండ్రి మాట. 36 గంటలు గడిచేసరికి ఈ మాట ఏమైందో తర్వాత చూస్తాం.

ఆ రాత్రి తోటలో జూలియట్ అన్నది కూడా మన లెక్కకు కావాలి. ఈ ఒప్పందం మరీ తొందరగా, మరీ అనాలోచితంగా, మరీ హఠాత్తుగా ఉందని ముందుగా అన్నది ఆమే. ప్రేమలో పడ్డ పిల్లలకు తొందర తెలియదని అంటారు. ఈ పిల్లకు తెలుసు, నోరు తెరిచి చెప్పింది కూడా. ఆ తర్వాత పెళ్ళి ప్రస్తావన తెచ్చిందీ ఆమే. పగతో ఉన్న ఇంటి కుర్రాడితో రహస్యంగా మాట్లాడే ఆడపిల్లకు పెళ్ళి ఒక్కటే రక్షణ కనుక ఆమె లెక్కలో అది తొందర కాదు, జాగ్రత్త.

ఇక సోమవారం. నాటకం మొత్తం ఈ రోజు మీద నిలబడింది.

తెల్లవారగానే రోమియో ఫ్రయర్ లారెన్స్ దగ్గరికి వెళ్తాడు. నిన్నటిదాకా రోజలిన్, ఇవాళ జూలియట్టా అని ఆ సన్యాసి మందలిస్తాడు. పరుగెత్తేవాళ్ళే తొట్రుపడతారు, నెమ్మదిగా వెళ్ళు అని బుద్ధి చెప్తాడు. చెప్పిన ఆయనే ఆ మధ్యాహ్నమే వాళ్ళకు పెళ్ళి చేస్తాడు. ఎందుకు? ఈ సంబంధంతో రెండు ఇళ్ళ పగ ప్రేమగా మారవచ్చని ఆయన ఆశ. ఉద్దేశం మంచిదే. కానీ పగ చల్లార్చాలంటే పెళ్ళి నలుగురికీ తెలియాలి. తెలియని పెళ్ళితో ఏ పగా చల్లారదు. లారెన్స్ బహిరంగంగా సాధించాల్సిన పనికి రహస్య సాధనం ఎంచుకున్నాడు. ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆ రోజు ఒక్క మాట కూడా అనుకోలేదు.

పెళ్ళయిన గంటకే దాని ఫలితం వీధిలో కనిపించింది. అంతకుముందే కాప్యులెట్ బంధువు టిబాల్ట్ ద్వంద్వయుద్ధానికి రమ్మని రోమియో ఇంటికి ఉత్తరం పంపాడు. రోమియోకు అది అందినట్టు నాటకంలో ఎక్కడా లేదు, అతను ఇంటికి చేరితే కదా. ఉత్తరం చేరకపోవడం ఈ నాటకంలో, రోమియో తర్వాత వెళ్ళే మాంటువా ఊరి దాకా ఆగలేదన్నమాట, సోమవారమే మొదలైంది. బెన్వోలియో ఎండ మండుతోంది, కాప్యులెట్ మనుషులు తిరుగుతున్నారు, ఇంటికి పోదామంటాడు. రోమియో స్నేహితుడు మెర్క్యూషియో కదలనంటాడు. టిబాల్ట్ వచ్చి రోమియోను నీచుడా అని తిడతాడు. రోమియోకు కోపం రాలేదు, టిబాల్ట్ ఇప్పుడు తన భార్యకు మేనబంధువు. నిన్ను ప్రేమించడానికి నాకో కారణం ఉందంటాడు గానీ ఆ కారణం ఏమిటో చెప్పడు. చెప్పలేడు. కారణం తెలియని మెర్క్యూషియోకు ఆ ఓర్పు పిరికితనంలా కనిపించింది. కత్తి దూశాడు. రోమియో మధ్యలోకి దూరాడు. అతని చేతి కింది నుంచి టిబాల్ట్ కత్తి మెర్క్యూషియోలో దిగింది.

ఇక్కడ దైవం ఎంత? కత్తి దిగిన కోణం వరకు. మిగతాదంతా మనుషులది. పెళ్ళి రహస్యం కాకపోతే రోమియో ఓర్పుకు అర్థం ఉండేది, మెర్క్యూషియో కత్తి దూయాల్సిన పని ఉండేది కాదు. మెర్క్యూషియో ప్రాణం పోతూ మీ రెండు ఇళ్ళూ నాశనం కాను అని శపిస్తాడు. దాన్ని శాపంగా తీసుకుని, అదే ఫలించిందని రాసేవాళ్ళున్నారు. నా మట్టుకు అది చనిపోతున్న మనిషి తన చావుకు కారణం సరిగ్గా గుర్తుపట్టి చెప్పిన మాట. అతను గ్రహాల పేరెత్తలేదు, ఇళ్ళ పేరెత్తాడు.

టిబాల్ట్ పారిపోయి మళ్ళీ వచ్చాడు. రోమియో ఇప్పటిదాకా పట్టుకున్న ఓర్పును పైలోకానికి పొమ్మని, కోపమే ఇక నాకు దారి చూపాలని స్పష్టంగా ప్రకటించి మరీ అతన్ని చంపాడు. చంపాక, నేను అదృష్టం చేతిలో వెర్రివాణ్ణయ్యాను అన్నాడు. ఈ వరుస గమనించండి. ముందు నిర్ణయం, తర్వాత పని, ఆ తర్వాత అదృష్టం పేరు. నాటకంలో విధి మాట ఎవరు ఎత్తినా అది ఎప్పుడు ఎత్తారో గుర్తు పెట్టుకోండి. రోమియో ఇక్కడ ఎత్తింది కత్తి తుడిచే వేళ. లారెన్స్ ఎత్తబోయేది సమాధిలో, తన పథకం కుప్పకూలిన వేళ, మనం కాదనలేని శక్తి ఏదో మన ప్రయత్నాలను చెడగొట్టిందంటూ.

రాజు రోమియోను చంపించకుండా ఊరు వెళ్ళగొడతాడు. ఆ రాత్రి లారెన్స్ వేసిన పథకం నాటకం మొత్తంలో కాస్త తెలివైనది. మాంటువాలో ఉండు, సమయం చూసి పెళ్ళి సంగతి బయటపెడదాం, ఇరువైపుల వారిని కలుపుదాం, రాజు దగ్గర క్షమాపణ తెచ్చుకుందాం. దీనికి కావలసింది ఒక్కటే, వ్యవధి. కబుర్ల ఏర్పాటు కూడా చెప్పాడు: ఇక్కడ ఏ మంచి జరిగినా నీ నౌకరును వెతికి పట్టుకుని అతని చేత తెలియజేస్తాను అని. ఈ మాటకు కింద గీత గీసుకోండి.

అదే రాత్రి, చాలా పొద్దుపోయాక, కాప్యులెట్ పారిస్‌తో మాట్లాడుతూ ఇవాళ ఏం వారం అని అడుగుతాడు. సోమవారం అంటారు. బుధవారమైతే మరీ తొందర, గురువారం ఖాయం అనేస్తాడు. పిల్లనడగలేదు. నా మాట కాదనదని నమ్మకం. రెండు వేసవులు ఆగమన్న తండ్రి మూడు రోజులకు ముహూర్తం పెట్టాడు. మేడ మీద ఆ పిల్ల అప్పటికే భర్తతో ఉంది. కాప్యులెట్‌కు తెలియదు, కాబట్టి పెళ్ళి విషయంలో అతన్ని తప్పు పట్టలేం. అడగకపోవడం విషయంలో పట్టవచ్చు. ఎలా అడగాలో అతనికి తెలుసు, ముందు రోజే ఆ మాట అతని నోట్లోంచే వచ్చింది.

మంగళవారం జూలియట్ వద్దంటుంది. తండ్రి వీధిలోకి ఈడ్చేస్తానంటాడు, తల్లి మొహం తిప్పుకుంటుంది, దాది అతన్ని మరిచిపోయి ఇతన్ని చేసుకోమంటుంది. దాది సలహా మామూలుగా లౌక్యంలా కనిపిస్తుంది గానీ, ఈ పెళ్ళి తెలిసిన ముగ్గురు నలుగురిలో ఆమె ఒకతె. ఆమె తప్పుకోవడంతో జూలియట్‌కు ఇంట్లో నిజం చెప్పుకునే మనిషే లేకుండా పోయింది. మిగిలింది లారెన్స్.

లారెన్స్ ముందు ఆ మధ్యాహ్నం ఎన్ని దారులున్నాయి? పెళ్ళి అయిపోయిందని కాప్యులెట్‌కో రాజుకో చెప్పడం ఒకటి. ఆ కాలపు చర్చి చట్టంలో ఆడపిల్లకు 12, మగపిల్లవాడికి 14 నిండితే వివాహం చెల్లుతుంది, పురోహితుడు చేసిన పెళ్ళి ఉండగా రెండోది కుదరదు. ఆయన నోరు తెరిస్తే పారిస్ పెళ్ళి అక్కడికక్కడే ఆగిపోతుంది. రెండో దారి ఆమెను సన్యాసినుల మఠంలో దాచడం. ఇది నా ఊహ కాదు. గురువారం రాత్రి సమాధిలో ఆయనే ఆ మాటంటాడు, నిన్ను సన్యాసినుల మధ్య చేర్పిస్తానని. గురువారం తోచిన దారి మంగళవారం ఎందుకు తోచలేదు? మూడో దారి మాంటువాకే పంపేయడం. వెరోనాకు, మాంటువాకు మధ్య దూరం 40 కిలోమీటర్లు. గుర్రం మీద కొన్ని గంటల ప్రయాణం.

వీటన్నిటిలోనూ ఆయన చేసిన రహస్య వివాహం బయటపడుతుంది, ఇవాళ కాకపోతే రేపు. ఆయన ఎంచుకున్న, తాగితే చచ్చినట్టు పడి ఉండేలా చేసే మందు సీసా ఒక్కటే దాన్ని ఇంకొన్నాళ్ళు దాచి ఉంచుతుంది. లారెన్స్ దుర్మార్గుడని నేననను. ఆ పిల్లను కాపాడాలనే అనుకున్నాడు, తన పేరు పాడుకాకుండా కాపాడాలనుకున్నాడు. ఈ అనుమానం జూలియట్‌కే వచ్చింది. మందు చేతిలో పట్టుకుని, ముందు పెళ్ళి చేసిన సంగతి తనకు అప్రతిష్ఠ తెస్తుందని ఈయన నాకు విషమే కలిపి ఇచ్చాడేమో అనుకుంటుంది. వెంటనే ఛ, పుణ్యాత్ముడు అని సర్దుకుంటుంది. 13 ఏళ్ళ పిల్లకు ఆయన బలహీనత ఏమిటో ఒక్క క్షణం స్పష్టంగా కనబడింది.

ఇప్పుడు పథకంలోని లెక్కలు. బుధవారం రాత్రి ఒంటరిగా పడుకుని మందు తాగాలి. 42 గంటలు శవంలా ఉంటుంది. గురువారం పెళ్ళివారు చూసి చనిపోయిందనుకుని వంశ సమాధిలో పెడతారు. ఈలోగా ఉత్తరం అందుకుని రోమియో వస్తాడు, ఆమె కళ్ళు తెరిచేసరికి పక్కనుంటాడు. ఉత్తరానికి మంగళవారం సాయంత్రం నుంచి శుక్రవారం దాకా సమయం ఉంది.

జూలియట్ ఇంటికి వెళ్ళి తండ్రి కాళ్ళ మీద పడి, చెప్పినట్టు వింటానంది. కాప్యులెట్ ఆనందం పట్టలేక పెళ్ళిని రేపటికే జరిపేశాడు, అంటే బుధవారానికి. సోమవారం రాత్రి మరీ తొందర అని తనే కొట్టేసిన బుధవారం. భార్య గురువారమే నయమంటే వినలేదు. టిబాల్ట్ పోయిన ఇల్లు కనుక అరడజను మంది చుట్టాలతో సరిపెడదామన్నవాడు, ఇప్పుడు 20 మంది వంటవాళ్ళను పిలిపించాడు. ఈ ఒక్క ఉత్సాహంతో లారెన్స్ లెక్కలో 24 గంటలు ఎగిరిపోయాయి. జూలియట్ మంగళవారం రాత్రే మందు తాగాల్సి వచ్చింది.

42 గంటల్ని మంగళవారం రాత్రి నుంచి కూడితే గురువారం సాయంత్రం వస్తుంది. సమాధి దృశ్యం నడిచేది అర్ధరాత్రి దాటాక. కొన్ని గంటలు పొసగవు. పరిశోధకులు దీని మీద చాలా కుస్తీ పట్టారు. నాటకశాలలో గడియారం పట్టుకుని ఎవరూ కూర్చోరు కాబట్టి నేను దీన్ని వదిలేస్తాను.

ఉత్తరం దగ్గరికి వద్దాం. లారెన్స్ దాన్ని ఫ్రయర్ జాన్ చేతికిచ్చాడు. జాన్ ప్రయాణానికి తోడుగా తమ సంప్రదాయంలోని మరో సన్యాసిని వెతుక్కుంటూ, ఆయన రోగులను చూస్తున్న ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంట్లో ప్లేగు ఉందని అనుమానించిన నగర తనిఖీదారులు తలుపులకు ముద్ర వేసి ఇద్దరినీ లోపలే ఉంచేశారు. అంటు భయంతో ఉత్తరాన్ని తిరిగి అందించేవాడు కూడా దొరకలేదు. 1592 నుంచి 1594 వరకు ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలా కాలం మూతపడ్డాయి. ఈ నాటకం వచ్చింది సుమారు 1595లో. ఇళ్ళకు ముద్రలు పడటం ఆ ప్రేక్షకులు కళ్ళారా చూసిన సంగతి. నాటకంలో నిజంగా మనిషి చేతిలో లేని సంఘటన అంటూ ఉంటే ఇదే.

కానీ ఉత్తరం చేరకపోతే జరగాల్సిందేమిటి? రోమియోకు ఏమీ తెలియకపోవాలి. మాంటువాలో కబురు కోసం ఎదురుచూస్తూ ఉండాలి. జూలియట్ లేస్తుంది, లారెన్స్ తన ఆశ్రమానికి తీసుకెళ్తాడు, ఇంకో ఉత్తరం రాస్తాడు. జాన్ తిరిగొచ్చాక లారెన్స్ అనుకున్నది కూడా ఇదే, మళ్ళీ మాంటువాకు రాస్తానని. ఉత్తరం ఆగిపోవడం ఒక్కటే ఎవరినీ చంపేది కాదు. చంపింది చేరిన కబురు.

ఆ కబురు తెచ్చింది రోమియో నౌకరు బాల్తజార్. జూలియట్‌ను సమాధిలో పెట్టడం కళ్ళారా చూసి గుర్రమెక్కాడు. సోమవారం రాత్రి లారెన్స్ అన్న మాట గుర్తుందా, నీ నౌకరు చేత కబురు పంపుతానని? ఆ నౌకరు ఇతనే. లారెన్స్ తాను చెప్పిన దారి వదిలి ఇంకో దారిలో ఉత్తరం పంపాడు, పాత దారిని మూయలేదు. బాల్తజార్‌కు నిజం చెప్పనూ లేదు, వెళ్ళకుండా ఆపనూ లేదు. దాంతో నిజం ముద్ర వేసిన ఇంట్లో చిక్కుకుపోయింది, అబద్ధం గుర్రం మీద మాంటువా చేరింది. రహస్యంతో నడిచే ఏ పథకంలోనైనా విరిగేది ఇక్కడే: ఎవరికి తెలియకూడదో అందరూ లెక్క వేస్తారు, తెలియకపోతే ఎవరు ప్రమాదమో లెక్క వేయరు.

కబురు వినగానే రోమియో, అయితే నక్షత్రాలారా, మిమ్మల్ని ధిక్కరిస్తున్నాను అంటాడు. చాలా పెద్ద మాట. నాకు దీనికంటే ముఖ్యమైనవి ఆ పక్కనే ఉన్న చిన్న మాటలు. ఫ్రయర్ దగ్గర్నుంచి ఉత్తరాలేమైనా తెచ్చావా అని అతను వచ్చీ రాగానే అడిగాడు. చావు కబురు విన్నాక మళ్ళీ అడిగాడు. లేవన్నాడు బాల్తజార్. పోనీలే, నువ్వెళ్ళి గుర్రాలు మాట్లాడు అన్నాడు రోమియో. ఆ ‘పోనీలే’ దగ్గర నాలుగు ప్రశ్నలూ వేసి చూడండి. నిర్ణయం అతనిది. ఉత్తరం రావాల్సి ఉందని తెలుసు, రాలేదని తెలుసు. ఇంకో దారి కళ్ళెదుటే ఉంది, బాల్తజార్ ఓపిక పట్టమని బతిమాలాడు, మీ మొహం చూస్తే ఏదో అనర్థం జరిగేలా ఉందన్నాడు. తీసుకున్న సమయం ఎంతంటే, బాల్తజార్ గడప దాటేలోపే మందులమ్మేవాడి దుకాణం గుర్తుకొచ్చేసింది.

మాంటువాలో విషం అమ్మితే మరణశిక్ష. 40 డ్యూకట్లు (బంగారు నాణేలు) చూపించాక ఆ పేద దుకాణదారు, ఒప్పుకుంటున్నది నా పేదరికం, నా మనసు కాదు అంటాడు. నిర్ణయం, పరిస్థితి అన్న రెండిటినీ తన విషయంలో విడదీసి నిజాయితీగా చెప్పుకున్న మనిషి నాటకంలో ఇతనొక్కడే అనిపిస్తుంది నాకు.

సమాధిలో రోమియో జూలియట్ పెదవుల మీద, బుగ్గల మీద ఎర్రదనం ఇంకా పోలేదని చూస్తాడు, మాటల్లో కూడా అంటాడు. ఆమె బతికే ఉందన్న ఆధారం అతని కళ్ళ ముందే ఉంది. చచ్చిపోయిందని నిశ్చయించుకుని వచ్చినవాడు కనుక అది అతనికి ఆధారంలా కాక మరణం కూడా ఆమె అందాన్ని తాకలేదన్న కవిత్వంలా తోచింది. విషం తాగేశాడు. లారెన్స్ రాత్రి చీకట్లో సమాధుల మధ్య తొట్రుపడుతూ వస్తాడు. పరుగెత్తేవాళ్ళే తొట్రుపడతారని సోమవారం ఉదయం చెప్పిన కాళ్ళవి. రోమియో వచ్చి ఎంతసేపైందని అడిగితే అరగంట అంటాడు బాల్తజార్.

జూలియట్ లేచింది. కావలివాళ్ళ అలికిడి వినబడింది. లారెన్స్ రమ్మన్నాడు, ఆమె రానంది, ఆయన ఇక ఉండలేనంటూ వెళ్ళిపోయాడు. భర్త శవం పక్కన, కత్తి చేతికందేంత దూరంలో, 13 ఏళ్ళ పిల్లను వదిలేసి వెళ్ళాడు. ఆ కత్తితో పొడుచుకుని చనిపోవాలన్న ఆమె నిర్ణయాన్ని ప్రేమకు పరాకాష్ఠ అని పొగిడే పాఠాలు మానుకోవాలి. ఆమెకు జరిగిందంతా తెలుసు, మఠం అనే దారి కూడా వినిపించింది, కాబట్టి నిర్ణయం ఆమెదే. కానీ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళాల్సిన పెద్దమనిషి ఆ చెయ్యి వదిలేయడం కూడా నిర్ణయమే. అది మొదట జరిగింది.

ఇదంతా షేక్‌స్పియర్ కావాలని చేశాడా? మూలంతో పోల్చి చూస్తే తెలుస్తుంది. ఆయన ముందు పెట్టుకున్నది 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన పొడవైన కవిత. అందులో కథ నెలల తరబడి సాగుతుంది, జూలియట్‌కు 16 ఏళ్ళు, పెళ్ళికీ టిబాల్ట్ చావుకూ మధ్య వారాలు గడుస్తాయి. అదృష్ట దేవత చక్రం మాట అడుగడుగునా వస్తుంది. పైగా ముందుమాటలో బ్రూక్ తప్పును ఎక్కువగా ప్రేమికుల మీద, పెద్దల మాట వినకపోవడం మీద తోస్తాడు. షేక్‌స్పియర్ నెలల్ని అయిదు రోజులకు కుదించాడు. అమ్మాయి వయసు రెండు మూడేళ్ళు తగ్గించాడు. నెలల కథలో ఒక ఉత్తరం ఆగిపోతే దురదృష్టం. అయిదు రోజుల కథలో ఆగిపోతే, ఇంత తొందర ఎవరు పెట్టారన్న ప్రశ్న పుడుతుంది. వయసు తగ్గడంతో పెద్దల బాధ్యత దానంతటదే పెరిగింది.

మనవాళ్ళు దీనికి ఎదురు దిశలో చేసిన పని ఒకటుంది. భారతంలో దుష్యంతుడు అన్నీ గుర్తుండే, లోకనిందకు భయపడి శకుంతలను ఎరగనంటాడు. కాళిదాసు దుర్వాసుడి శాపం, ఉంగరం తెచ్చి ఆ తప్పును రాజు మీద నుంచి దించి దైవం మీద పెట్టాడు. షేక్‌స్పియర్ దైవం మీదున్న దాన్ని దించి మనుషుల మీద పెట్టాడు.

నాటకం వేసేవాళ్ళకు రెండు మాటలు. నిడివి తగ్గించడానికి మొదట కత్తిరించేది ఫ్రయర్ జాన్ దృశ్యాన్ని, తర్వాత బాల్తజార్‌తో రోమియో అన్న ఉత్తరాల మాటల్ని. జాన్‌ను తీసేస్తే ప్రేక్షకుడికి ఉత్తరం ఎందుకు ఆగిందో తెలియక అంతా మాయలా ఉంటుంది. ఉత్తరాల ప్రశ్న తీసేస్తే రోమియో నిర్ణయం నిర్ణయంలా కనబడదు, ఊపులా కనబడుతుంది. సోమవారం రాత్రి కాప్యులెట్ వారాలు లెక్కపెట్టే చిన్న దృశ్యం కూడా అంతే, నిమిషం రెండు నిమిషాలది, తీసేస్తే కథ కాళ్ళు విరుగుతాయి. మరో మార్పు చరిత్రలో చాలా కాలం నడిచింది. పాత ఇటాలియన్ కథల్లో రోమియో ప్రాణం పోకముందే జూలియట్ లేస్తుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు. 1748లో నటుడు డేవిడ్ గారిక్ తన ప్రదర్శనలో ఆ పద్ధతి పెట్టాడు, అది దశాబ్దాల పాటు లండన్ రంగస్థలం మీద నిలిచింది. కన్నీళ్ళు ఎక్కువ వచ్చాయి. కానీ ఇద్దరి కన్నీళ్ళ మధ్య లారెన్స్ పారిపోవడం ఎవరి కంటా పడకుండా పోతుంది.

చివర్లో లారెన్స్ జరిగిందంతా మళ్ళీ చెప్పే 40 పాదాలను కూడా తీసేస్తుంటారు, ప్రేక్షకుడికి తెలిసిందే కదా అని. తీయకండి. ప్రేక్షకుడికి తెలుసు గానీ వేదిక మీదున్న తల్లిదండ్రులకు అప్పుడే తెలుస్తోంది. సోమవారం మధ్యాహ్నం చెప్పాల్సిన మాట శుక్రవారం తెల్లవారుజామున చెప్తున్నాడు. ఇందులో నా తప్పేమైనా ఉంటే నా ముసలి ప్రాణం తీసుకోండి అనేదీ అక్కడే. సమాధిలో దైవశక్తి మీద పెట్టిన భారాన్ని ఇక్కడ తన మీదికి తెచ్చుకున్నాడు.

తర్వాత రాజు మాట్లాడతాడు. మీ ద్వేషానికి శిక్షగా మీ సంతోషాలను ప్రేమ చేతనే చంపే ఉపాయం పైలోకం కనిపెట్టిందని ఒక మాట. ఆ వెంటనే, మీ తగవులు చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు నేనూ ఇద్దరు బంధువుల్ని పోగొట్టుకున్నానని రెండో మాట. మూడు సార్లు వీధుల్లో రక్తం పారే వరకు ఊరుకున్నది తనేనని రాజు నలుగురిలో ఒప్పుకున్నాడు. కొందరికి క్షమ, కొందరికి శిక్ష అని చెప్పి ముగిస్తాడు. ఎవరికి ఏదో చెప్పలేదు. బ్రూక్ చెప్పాడు: అతని కవితలో మందులమ్మినవాణ్ణి ఉరితీస్తారు, దాదిని వెళ్ళగొడతారు, ఫ్రయర్‌ను వదిలేస్తారు. షేక్‌స్పియర్ ఆ జాబితాను చెరిపేసి మనకు వదిలాడు. తరగతిలో ఈ నాటకం చెప్పేవాళ్ళు ఆ జాబితాను విద్యార్థుల చేత రాయించండి, ప్రతి పేరు పక్కన నాలుగు ప్రశ్నలకు జవాబులతో. నేను రాస్తే మందులమ్మినవాడికి క్షమ రాస్తాను, లారెన్స్‌కు రాయను. కాప్యులెట్ పేరు దగ్గర మాత్రం చాలాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆదివారం ఉదయం అతను అన్నీ సరిగ్గానే చెప్పాడు.